బరంపురం బజారులో ఆడవాళ్ల ఫొటోలు, దొంగచాటుగా కాకుండా

క్యాండిడ్, అంటే పోజు పెట్టించకుండా తీసే ఫొటో అంటే, ఎక్కడో నక్కి జూమ్ లెన్సుతో లాగడం అనుకుంటారు చాలామంది, నేనూ మొదట్లో అదే చేశా. ఒడిశాలో మా బరంపురం పెద్ద బజారులో అప్పడాలమ్మే ఒకావిడని రోడ్డవతల నుంచి 200 ఎంఎంతో తీస్తుంటే చూసేసింది, తక్కెడ కింద పెట్టి నేరుగా నా దగ్గరకొచ్చి "ఏటి బాబూ, ఎదురుగా వచ్చి తీలేవేటి, దొంగలాగ తీస్తన్నావ్?" అంది. అక్కడే డిలీట్ చేశా. మంచి ఫ్రేమే పోయింది, ఏం చేస్తాం.

అప్పట్నుంచి దగ్గరికెళ్లి తీసే 35 ఎంఎం లెన్సు ఒక్కటే. ముందు వెలుగున్న చోటు చూసుకోండి, పొద్దున్న ఏడున్నరకి షాపు రేకుల కింద నుంచి ఎండ ఏటవాలుగా పడే మూల దొరికిందంటే ఇంక కదలకండి, టీ గ్లాసు పట్టుకుని నిలబడితే పది నిమిషాల్లో మీరూ కరెంటు స్తంభంతో సమానం, ఎవరూ పట్టించుకోరు. ఎఫ్/8 (లెన్సు రంధ్రం సైజు), షట్టర్ సెకనులో 1/250 వంతు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటో, ఫోకస్ మాన్యువల్‌గా రెండున్నర మీటర్ల దగ్గర పెట్టి వదిలేస్తే రెండు నుంచి మూడున్నర మీటర్ల మధ్య ఎవరొచ్చినా షార్పే.

నేనైతే మొహాలకన్నా చేతులే ఎక్కువ చూస్తా. క్లిప్పు పళ్లతో పట్టుకుని జడ ముడేసుకుంటూ ఆటో ఆపే కాలేజీ అమ్మాయి, కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టే ముసలమ్మ. దగ్గర్లోని గోపాల్‌పూర్ సముద్రపొడ్డుకి బోటొచ్చినప్పుడు మన జాలరి ఆడవాళ్లు బేరాల్లో పడితే కెమెరాని అస్సలు చూడరు, కానీ గంపకి అడ్డం నిలబడ్డారో తిట్లు ఖాయం, తెలుగులోనూ ఒడియాలోనూ.

రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర, అంటే ఇక్కడి అమ్మవారి జాతర, రాత్రిపూట ఘటాల ఊరేగింపు. ఫ్లాష్ మాత్రం వద్దు, ఐఎస్ఓ 3200 పెట్టేయండి.

పాలిచ్చే తల్లి, కొంగు జారిన మనిషి కనిపిస్తే కెమెరా దించేయండి. స్నానాలు, బట్టలు మార్చుకోవడం లాంటివి చాటుగా తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఉంది, అది నేరం.

తీశాక జారుకోకండి. కళ్లు కలిస్తే "అప్పా, ఎండ బాగా పడిందని తీశా, చూడండి" అని స్క్రీన్ చూపించండి, వద్దంటే వాళ్ల ముందే తీసేయండి. అప్పా అంటే ఇక్కడ మనకీ అక్కే, ఒడియా వాళ్లకీ అక్కే, ఆ పిలుపుతో సగం పని అయిపోద్ది.

వీలైతే 4x6 ప్రింటు ఇవ్వండి. ఆ అప్పడాలావిడకి మొన్న ఈసారి అడిగి తీసింది ఇచ్చా, అటూ ఇటూ తిప్పి చూసి "ఫొటోలో తక్కెడ పళ్లేదేటి?" అంది.