ఎంజీబీ కారులో రోవర్ వీ8 ఇంజిన్ అమర్చే విధానం

ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ కారులో పెద్ద ఇంజిన్ వేయదలచినవారు ముందుగా బరువు లెక్క చూసుకోవాలి. 1967లో కంపెనీయే ఈ కారులో 2,912 సీసీల ఆరు సిలిండర్ల ఇనుప ఇంజిన్ పెట్టి ఎంజీసీ పేరుతో అమ్మగా, ముందుభాగం బరువెక్కి మలుపుల్లో సరిగా తిరగదన్న విమర్శ వచ్చింది. రోవర్ వీ8 (V ఆకారంలో అమర్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) సామర్థ్యం 3,528 సీసీలైనా, బ్లాకూ హెడ్లూ అల్యూమినియంవి కావడం వల్ల, పాత 1,798 సీసీల ఇనుప ఇంజిన్‌కు దాదాపు సరితూగుతుంది. కెన్ కాస్టెల్లో అనే వ్యక్తి సొంతంగా ఇలాంటి మార్పిడులు చేసి అమ్మిన తరువాత, 1973–76 మధ్య కంపెనీ కూడా 2,591 ఎంజీబీ జీటీ (స్థిరమైన పైకప్పున్న రకం) వీ8 కార్లు తయారుచేసింది.

1974 చివర వచ్చిన రబ్బరు బంపర్ల కారును ఎంచుకోవడం మేలు. దాని ఇంజిన్ గదిని వీ8కు సరిపడేలా ముందే మలిచారు. అంతకుముందరి క్రోమ్ బంపర్ల కారైతే లోపలి రేకులను కోసి మలచాలి. చెక్కుచెదరని పాత కారును అందుకోసం కోయడం నాకు సమ్మతం కాదు.

అసలు పని కొలతల్లో ఉంది. లోపలి భాగాలు తీసేసిన ఖాళీ బ్లాకుకు హెడ్లు, సంప్ (అడుగున నూనె నిలిచే పాత్ర), గేర్‌బాక్స్ బిగించి, క్రేన్‌తో దించి, దిమ్మల మీద నిలిపి చూడాలి. సాధారణంగా వాడే రోవర్ ఎస్‌డీ1 కారు అయిదు గేర్ల పెట్టెకు, కారు నేల మధ్యలో అది ఇమిడే సొరంగంలో చోటు చాలకపోతే, బెల్ హౌసింగ్ (గేర్ల పెట్టెను ఇంజిన్‌కు కలిపే గంట ఆకారపు తొడుగు) దగ్గర రేకును సుత్తితో వెడల్పు చేయాలి. బానెట్ మూసి కార్బురేటర్ ఎత్తు సరిచూడాలి. కంపెనీ కార్లలో కార్బురేటర్లను ఇంజిన్ వెనక్కి జరిపింది ఈ ఇబ్బంది తప్పించడానికే. అందరినీ ఎక్కువగా సతాయించేది స్టీరింగ్ షాఫ్ట్: ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టాల సముదాయం) దానికి ఆనుకునేంత దగ్గరగా వస్తుంది. 1990ల నాటి ఎంజీ ఆర్‌వీ8లో చేసినట్టు, పైపులను లోపలి రెక్కల (ఇంజిన్ గది పక్క రేకుల) గుండా చక్రాల వైపు తీసుకుపోతే ఈ చిక్కు తీరుతుంది, ఇంజిన్ గదిలో వేడీ తగ్గుతుంది. ఇవన్నీ కుదిరాకే మౌంటింగ్‌లను వెల్డింగ్ చేసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ల పెట్టె నుంచి వెనుక యాక్సిల్‌కు శక్తినందించే కడ్డీ) పొడవు కొలిపించాలి.

ఆయిల్ ఫిల్టర్‌కు దాని స్థానంలో చోటుండదు కనుక, గొట్టాలతో వేరేచోటికి మార్చాలి. పెద్ద రేడియేటర్, రెండు విద్యుత్ ఫ్యాన్లు తప్పనిసరి. వెనుక యాక్సిల్‌లోని 3.909 గేర్ నిష్పత్తిని అలాగే ఉంచితే ఇంజిన్ అనవసరంగా గింగిరాలు తిరుగుతుంది; కంపెనీ వీ8లో వాడిన 3.07 నిష్పత్తి సరిపోతుంది. ముందు బ్రేకులకు వీ8 తరహా మందపాటి డిస్కులు, వాటికి తగిన కాలిపర్లు (డిస్కును పట్టి ఆపే భాగాలు) వేయాలి. బ్రిటన్‌లో ఇంజిన్ నంబరు, సామర్థ్యం మారిన సంగతిని వాహనాల రిజిస్ట్రేషన్ సంస్థ అయిన డీవీఎల్‌ఏకూ, బీమా సంస్థకూ తెలపాలి.

తొలిసారి స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పంపు మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. విప్పి బిగించిన పంపు తనంతట తాను నూనెను పైకి లాగలేకపోవచ్చు. అందుకే దాని గేర్ల చుట్టూ పెట్రోలియం జెల్లీ కూరి, స్పార్క్ ప్లగ్‌లు తీసి, ప్రెషర్ కనిపించేవరకు స్టార్టర్‌తో తిప్పాలి. కొత్త కామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) వేసినట్లయితే, ఇంజిన్ అందుకున్న వెంటనే ఐడిలింగ్‌లో వదలకుండా, సుమారు 20 నిమిషాలు నిమిషానికి 2,000 చుట్లకు పైన నడపాలి. ఆ తరువాత చల్లారనిచ్చి, నీరు, నూనె కారుతున్నాయేమో చూసి, మౌంటింగ్ బోల్టులనూ ఎగ్జాస్ట్ నట్లనూ మరోసారి బిగించాలి.