పాత కారు కోసం డీలరు దగ్గరకు వెళ్తున్నారా?

పగటిపూటే వెళ్లండి. దీపాల వెలుగులో ప్రతి కారూ పెళ్లికూతురిలా మెరుస్తుంది.

• ఇంజిన్‌ను ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని ఫోనులో చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లారేదాకా ఆగండి, ఎంత విసుక్కున్నా సరే. మొరాయింపు, వింత చప్పుళ్లు, పొగ బయటపడేది చల్లని ఇంజిన్‌లోనే. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోందని. తెల్లని పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గకపోతే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లోపలికి కారుతోందేమో అనుమానించాలి.

• మీటరులోని కిలోమీటర్ల అంకెను వెనక్కి తిప్పగలరు, అరిగిన పెడల్ రబ్బరు, నున్నబడ్డ స్టీరింగ్ మాత్రం అంత తేలికగా అబద్ధమాడవు. కొత్త పెడల్ రబ్బరు కనబడితే అదీ ప్రశ్నే.

• టైరు పక్కభాగం మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారపు తయారీ.

• అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే ఛాసిస్ నంబరును కాగితాలతో పోల్చండి.

• లోపల సెంటు ఘాటుగా కొడితే కార్పెట్ ఎత్తి చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి. అక్కడ బురద మరక ఉంటే కారు నీట మునిగి ఉండవచ్చు.

• మీ మెకానిక్‌కు చూపిస్తామంటే ఒప్పుకోని డీలరుతో బేరం వద్దు.

• వారంటీలో ఏవి రావో రాతపూర్వకంగా అడగండి. “ఈ ధర ఈ రోజుకే” అన్నారా, ఆ రోజు సంతకం చేయకండి.