పడవ ఇంజను కార్బురేటర్ కారుతుంటే: వరదలకు ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పడవ దగ్గరికి వెళ్లగానే పెట్రోలు వాసన వస్తే ఇంజను తాడు లాగవద్దు. ముందు ఇంజను పైమూత తీసి పక్కన పెట్టండి, అడుగు చెక్కలు ఎత్తి చూడండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు. పడవ అడుగున, ఇంజను మూత లోపల నీళ్లలా నిలిచి ఉంటుంది. మనం భయపడేది కళ్లెదుట కారే చుక్కకు. నిప్పు అందుకునేది మాత్రం కంటికి కనబడని ఆ ఆవిరి.

పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ లీకును సరిచేసే పని జూన్‌లోనే పూర్తి చేసుకోవాలని నేను పదే పదే చెప్పడానికి కారణం ఉంది. విజయవాడలో కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది ఇస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో అది 11 లక్షలు దాటింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర ఢీకొన్నాయి. అవే రోజుల్లో బుడమేరు వాగు నీళ్లు ముంచెత్తిన సింగ్‌నగర్ వీధుల్లో జనాన్ని బయటికి తెచ్చింది పడవలే. అలాంటి రోజు వచ్చాక కార్బురేటర్ విప్పి కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు.

స్పానర్ పట్టుకునే ముందు ఎక్కడ కారుతోందో చూడండి. తడి అంతా తుడిచి, ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు పైపుకున్న రబ్బరు బల్బును గట్టిపడేదాకా నొక్కి, పొడి తెల్ల గుడ్డతో ఒక్కో చోట అద్దండి. కార్బురేటర్ కింది గిన్నె అతుకు దగ్గర తడి కనిపిస్తే అతుకు మధ్య ఉండే గ్యాస్కెట్ పొర పోయింది. గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ దగ్గరైతే వాషర్. గాలి పీల్చుకునే నోటి నుంచే పెట్రోలు పొంగుతుంటే, గిన్నె నిండగానే పెట్రోలు రాకను ఆపే నీడిల్ మూసుకోవడం లేదు. బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోవడానికి కూడా చాలాసార్లు ఇదే కారణం. పైపు చివరి కనెక్టర్ దగ్గరైతే లోపలి ఓ రింగ్ (గుండ్రటి రబ్బరు) చూడాలి. దానికోసం కార్బురేటర్ విప్పడం అనవసరం.

నీడిల్ విషయంలో మన ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో ఘాట్ దగ్గర కట్టేసిన పడవలో ట్యాంకు రోజంతా ఎండలో ఉంటుంది. మూత మీది గాలి స్క్రూ బిగించి, పైపును ఇంజనుకు తగిలించే వదిలేస్తే, లోపల పెరిగిన ఒత్తిడి పెట్రోలును నీడిల్ దాటించి తోసేస్తుంది. అప్పుడు కార్బురేటర్‌లో తప్పేమీ ఉండదు. పడవ కట్టగానే పైపు ఊడదీయండి, ట్యాంకును నీడలో పెట్టండి. వేసవి అంతా వాడకుండా ఉంచిన ఇంజనులో మరో ఇబ్బంది. పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, నీడిల్ దానికి అంటుకుపోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది. పైపును వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, మెత్తబడి జిగటగా ఉన్నా మార్చేయండి.

ఒకసారి నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు, "బాబాయ్, ఒక్క చుక్కే కదా, గుడ్డ చుట్టేద్దాం" అన్నాడు. వేడి ఇంజను పక్కన పెట్రోలు తాగిన గుడ్డ అంటే వత్తి చేసి పెట్టినట్టే అని అప్పుడే చెప్పాను. మీ పిల్లలకూ చెప్పండి.

పనిని పడవలో చేయవద్దు. ఇంజను పూర్తిగా చల్లారాక, గాలి ఆడే గట్టు మీదికి తెచ్చి చేయండి. బ్యాటరీ ఉంటే ముందు నెగటివ్ తీగ తీయండి, ప్లగ్ క్యాప్ ఊడదీయండి, ట్యాంకును దూరంగా పెట్టండి. నూలు బట్టలు వేసుకోండి. పొడి రసాయనంతో నింపిన మంటలార్పే సిలిండర్, ఒక బకెట్ ఇసుక చేతికందేలా ఉండాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది తేలుతూ ఇంకా పరుచుకుంటుంది. బీడీ సంగతి అందరికీ తెలుసు, అగరుబత్తీ సంగతి మరిచిపోతారు. ఆయుధ పూజ రోజు ఇంజనుకు కర్పూరం వెలిగించే ఆచారం ఉన్నవారు, లీకు లేదని తేలాకే, ట్యాంకు తీసేశాకే, అదీ దూరం నుంచే హారతి ఇవ్వండి.

కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలును మూత ఉన్న లోహపు డబ్బాలోకి వంపండి, కృష్ణలోకి కాదు. నీడిల్ మొన చుట్టూ గీత పడి ఉంటే రుద్ది సరిచేయాలని చూడకండి, కొత్తది వేయండి. గిన్నెలో తేలుతూ నీడిల్‌ను కదిలించే ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు కదిలిన శబ్దం వస్తే అదీ మార్చాల్సిందే. దానికి సోల్డరింగ్ పెట్టించవద్దు. ఆవిరి నిండిన ఫ్లోట్ వేడికి పేలుతుంది. పెట్రోలు వెళ్లే సన్న రంధ్రమున్న జెట్‌లో తీగ పోనిస్తే రంధ్రం పెద్దదవుతుంది, క్లీనర్ స్ప్రే, గాలి చాలు. స్ప్రే కొట్టే ముందు రబ్బరు ముక్కలు తీసేయండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఆటోనగర్‌లో అచ్చం అలాగే కనిపించే బైకు నీడిల్ దొరుకుతుంది. పాతది తీసుకెళ్లి పోల్చినా మోసపోవచ్చు. మీ ఇంజను మోడల్ నంబరు చెప్పి తెచ్చుకోండి. గ్యాస్కెట్ స్థానంలో అట్ట కత్తిరించి పెట్టడం, పైపుకు బైండింగ్ తీగ చుట్టడం నాకు అస్సలు నచ్చని పనులు. తీగ పైపును కోస్తుంది, క్లిప్పే వేయండి.

బిగించాక బల్బు నొక్కి పది నిమిషాలు ఆగండి. తెల్ల గుడ్డ పొడిగా ఉంటేనే ఇంజనును నీళ్ల డ్రమ్ములో పెట్టి నడపండి; నీళ్లు లేకుండా నడిపితే ఇంజనును చల్లబరిచే నీళ్ల పంపులోని రబ్బరు నిమిషాల్లో మాడిపోతుంది. తర్వాత మళ్లీ ఒకసారి అద్ది చూడండి. నదిలో మొదటిసారి నడిపేటప్పుడు ఒడ్డు పక్కనే ఉండండి. బ్యారేజీకి ఎగువన ఇంజను ఆగితే ప్రవాహం మిమ్మల్ని గేట్ల వైపే తీసుకెళ్తుంది. అందుకే లైఫ్ జాకెట్ వేసుకుని, తెడ్లు, తాడు కట్టిన లంగరు పడవలో ఉన్నాయో లేదో చూసుకునే బయలుదేరండి.