1917 పాఠానికి రెండు రైళ్లు

"జార్‌ను దించింది లెనిన్." జార్ అంటే రష్యా చక్రవర్తి, లెనిన్ బోల్షెవిక్ పార్టీ నాయకుడు. రష్యా విప్లవం పాఠం మీద ఏటా సోషల్ పేపర్లలో ఈ తప్పు వాక్యం కింద ఎర్ర గీత గీసీ గీసీ విసుగొచ్చింది నాకు. డిగ్రీలో నేనూ అలాగే రాశాను, అది వేరే సంగతి. కొత్తగా ఈ పాఠం చెప్పబోయేవాళ్లకు నా పద్ధతి చెబుతాను.

ముందు తేదీల టెన్షన్ తీర్చండి. అప్పటి రష్యా క్యాలెండర్ మనకన్నా 13 రోజులు వెనక. కూడిక పిల్లల చేతే చేయించండి. ఫిబ్రవరి 23కి 13 కలిపితే మార్చి 8, అక్టోబర్ 25కి కలిపితే నవంబర్ 7. ఫిబ్రవరి విప్లవం మార్చిలో ఎందుకొచ్చిందో వాళ్లకే తెలుస్తుంది. 1918లో జనవరి 31 తెల్లారితే ఫిబ్రవరి 14 అయిందని చెప్పామంటే, "మధ్యలో పుట్టినరోజున్నవాళ్ల సంగతేంటి సార్?" అని అడుగుతారు. కాసేపు నవ్వుకోనివ్వండి.

ఇప్పుడు బోర్డు మీద పొడుగ్గా గీత గీసి, దాని మీద రెండు రైళ్లు వేయండి.

మొదటిది జార్ నికోలస్ రైలు. ఇక్కడ తొందరపడొద్దు. మహిళా దినోత్సవం రోజున అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల ఆడవాళ్లు రొట్టె కోసం రోడ్డెక్కారు. నాలుగు రోజులు తిరిగేసరికి, వాళ్లను అణచాల్సిన సైనికులే వాళ్లలో కలిసిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధ శిబిరం నుంచి రాజధానికి బయల్దేరిన నికోలస్‌కు దారి దొరకలేదు. రైలు ప్స్కోవ్ అనే ఊరికి మళ్లింది. సొంత సేనానులే గద్దె దిగమన్నారు. మార్చి 15న రైలు పెట్టెలోనే సంతకం పెట్టాడు. తమ్ముడు మిఖాయిల్‌కు కిరీటం ఇస్తే అతను మర్నాడే వద్దన్నాడు. 1613లో మొదలైన రొమనోవ్‌ల పాలన అంతటితో సరి.

ఇక్కడ ఆపి అడగండి: లెనిన్ ఎక్కడున్నాడు? స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్‌లో!

రెండో రైలు ఆయనది. జర్మనీ మీదుగా తిరిగి తిరిగి ఏప్రిల్ 16న పెట్రోగ్రాడ్ చేరాడు. అప్పటికే, జార్ దిగిపోయాక ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వం నడుస్తోంది. అది యుద్ధం ఆపలేదు, రైతులకు భూమి సంగతి తర్వాత చూద్దామంది. బోల్షెవిక్‌లు శాంతి, భూమి, రొట్టె అన్నారు. నవంబర్‌లో వాళ్లు కూలదోసింది ఈ ప్రభుత్వాన్ని. దాని అధినేత కెరెన్‌స్కీ అప్పటికే ఊరు దాటాడు, మంత్రులు జార్‌ల పాత రాజభవనం వింటర్ ప్యాలెస్‌లో దొరికారు. నికోలస్ ఎక్కడో సైబీరియాలో, తోబోల్స్క్‌లో బందీగా ఉన్నాడు.

చివరగా ఒక ప్రశ్న వేయండి: వింటర్ ప్యాలెస్‌లో ఎవరిని అరెస్టు చేశారు? ఒక్క గొంతు "జార్‌ను" అన్నా సరే, బోర్డు తుడవకండి. వేలు మళ్లీ మొదటి రైలు మీద పెట్టండి.