పాత డెస్క్‌టాప్ ఫ్రీజ్ అవుతుంటే ఎస్ఎంపీఎస్‌ను (కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాను) కూడా అనుమానించండి

మౌస్ కూడా కదలకుండా స్క్రీన్ బిగుసుకుపోతుంటే వెంటనే విండోస్ మళ్ళీ ఎక్కించడం చాలావరకు దండగ. ముందు హార్డ్‌వేర్ చూడాలి.

నా పాత డెస్క్‌టాప్ ఇలాగే ఫ్రీజ్ అవుతుంటే, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంను ఒక్కో ర్యామ్ స్టిక్‌తో విడివిడిగా నడిపాను. రెండూ కలిపి నడిపితే లోపం దేనిదో తేలదు. ఎర్రర్ వస్తే అదే స్టిక్‌ను వేరే స్లాట్‌లో పెట్టి చూడాలి, తప్పు స్లాట్‌ది కూడా కావచ్చు. నా సిస్టంలో ర్యామ్, ప్రాసెసర్ వేడి, హార్డ్‌డిస్క్ తన పరిస్థితిని తెలిపే స్మార్ట్ రిపోర్టు అన్నీ బాగానే ఉన్నాయి.

మిగిలింది ఎస్ఎంపీఎస్. సిస్టం మీద బాగా లోడ్ పెట్టి, మోలెక్స్ కనెక్టర్‌లో (పాత డ్రైవ్‌లకు కరెంటు ఇచ్చే నాలుగు పిన్నుల ప్లగ్) పసుపు, నలుపు తీగల మధ్య మల్టీమీటర్‌తో కొలిస్తే 12 వోల్టులు రావాల్సిన చోట 11.1 వోల్టులే వచ్చింది. ఇలాంటి పాత డెస్క్‌టాప్‌ల ఎస్ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం 5 శాతం తేడానే ఒప్పుకుంటుంది, అంటే 11.4కు తగ్గకూడదు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) కనిపించే వోల్టేజీ అంకెను నమ్మొద్దు. ఆ సమయంలో లోడ్ తక్కువ, సెన్సరూ అంత కచ్చితం కాదు.

ఎస్ఎంపీఎస్ మార్చాక ఫ్రీజ్‌లు ఆగాయి. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కన కెపాసిటర్ల (చార్జి నిల్వ చేసే చిన్న గొట్టాల్లాంటి భాగాలు) తల ఉబ్బి ఉంటే అవీ మార్చాల్సిందే: అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువగా ఉండే) రకం. పాత ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జి నిలిచి ఉండొచ్చు.