తూకం ముందు రాత్రి ఆ మూత్రం మాత్ర జోలికి పోకండి: జూనియర్ వెయిట్‌లిఫ్టర్లకి, వాళ్ళ ఇంట్లోవాళ్ళకి

బెల్టు బిగించుకో, వార్మప్ చెయ్యి లాంటివి నేను చెప్పను, అవి మీ కోచ్ రోజూ అరుస్తూనే ఉంటాడు. సెలక్షన్లు దగ్గరపడ్డాయి, గ్రూపుల్లో మళ్ళీ "అన్నా రెండు రోజుల్లో మూడు కేజీలు తగ్గాలి ఎలా" అని మొదలెట్టారు, అందుకే రాస్తున్నా.

2024 జనవరిలో వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ళు మైనర్ల డోపింగ్ మీద రిపోర్ట్ ఇచ్చారు. దొరికిన పిల్లల లెక్కలో రష్యా తర్వాత మనమే, అన్ని దేశాల్లో కలిపి దొరికినవాళ్ళలో 12 ఏళ్ళ పిల్లకాయ కూడా ఉన్నాడంటే చూడండి. ఎక్కువగా బయటపడ్డ మందుల్లో ఒకటి ఫ్యూరోసెమైడ్. అదేదో పెద్ద స్టెరాయిడ్ అనుకునేరు, తాతగారికి కాళ్ళ వాపుకి డాక్టర్ రాసే మూత్రం మాత్ర.

నా కళ్ళముందు జరిగింది చెప్తా. విజయనగరం వైపు గుంటడొకడు, మంచి లిఫ్టరు, పోటీ ముందు రాత్రి తన బరువు కేటగిరీ కంటే కేజీన్నర ఎక్కువున్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్ర ఎవరికీ చెప్పకుండా మింగేశాడు. పొద్దున్న తూకం సరిపోయింది, మేమంతా చప్పట్లు కొట్టాం, నేను కూడా. తర్వాత జెర్క్‌లో (రాడ్‌ని భుజాల మీంచి తలపైకి నెట్టే ఎత్తు) కాళ్ళు ముందొకటి వెనకొకటి స్ప్లిట్ వేశాడో లేదో వెనక పిక్క పట్టేసింది, రాడ్ వీపు వెనక పడింది. వాడు పిక్క పట్టుకుని అక్కడే కూలబడ్డాడు, పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి, ఒంటిమీద చెమట చుక్క లేదు. డోప్ టెస్ట్ శాంపిల్‌కి పిలవలేదు కాబట్టి బతికిపోయాడు.

ఆ మాత్రతో నీళ్ళొక్కటే పోవు, పొటాషియం, ఉప్పు కూడా పోతాయి, కండరం పట్టేస్తుంది, గుండె లయ తప్పొచ్చు. పైగా పోటీలో ఉన్నా ఇంట్లో ఉన్నా ఎప్పుడూ బ్యాన్డే, ఎందుకంటే వేరే మందుల ఆనవాళ్ళు దాచడానికి కూడా వాడతారు. బరువు కోసమే వేసుకున్నా సార్ అంటే ఎవరూ వినరు.

తూకం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటసేపు ఉంటుంది. ఎక్కువున్నవాళ్ళు ఆ గంటలో మళ్ళీ ఎక్కి చూపించుకోవచ్చు, అందుకని మొదట్లోనే వెళ్ళండి. 100 గ్రాములే కదా అనుకోవద్దు, 2024 పారిస్‌లో కుస్తీలో వినేశ్‌కి ఏమైందో అందరం చూశాం.

ఇంకోటి, పాత కేటగిరీ నంబర్లు పట్టుకు వేలాడకండి. 2022లో గ్రీస్‌లో హర్షద గరుడ్ స్నాచ్ (రాడ్‌ని నేల నుంచి ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం), జెర్క్ కలిపి 153 కేజీల టోటల్‌తో మనకి మొదటి జూనియర్ వరల్డ్ గోల్డ్ తెచ్చింది 45 కేజీల కేటగిరీలో, 2025 జూన్‌లో కేటగిరీలు మార్చినప్పుడు ఆ 45 పోయింది, అబ్బాయిల 55 కూడా పోయి జూనియర్స్‌లో 60తో మొదలైంది. ఎదిగే వయసు, పై కేటగిరీకి వెళ్తే కొంపేమీ మునగదు.

ఇంక వరసగా చెప్పేస్తా.

మెడికల్ షాపులో అడిగి దగ్గు సిరప్ తాగొద్దు, మన దగ్గర చాలావాటిలో టెర్బ్యుటలిన్ ఉంటుంది, అదీ బ్యాన్డే. భుజం నొప్పికి ఇంజెక్షన్ చేస్తానంటే స్టెరాయిడా అని ముందు అడుగు. ఏ మందైనా నాడా (మన దేశ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ళ నో యువర్ మెడిసిన్ యాప్‌లో చూడు, చీటీ, స్ట్రిప్పు దాచు. మూత తీసిన ప్రోటీన్ డబ్బా ఎవడిచ్చినా తీసుకోకు. చెమట పట్టించి బరువు దించాలని రెయిన్‌కోట్ వేసుకుని ఎండలో పరిగెత్తకు.

ఎంట్రీ టోటల్ (ఇంత ఎత్తుతానని పోటీకి ముందు రాయించే మొత్తం) గొప్పకి పెంచి రాయించకు, మొదటి స్నాచ్, మొదటి జెర్క్ కలిపితే దానికంటే 20 కేజీలకు మించి తగ్గకూడదు, ఎండిపోయిన ఒంటితో అంత బరువుతో మొదలెట్టి మూడు స్నాచ్‌లూ పోతే టోటలే ఉండదు. మాత్ర వద్దు. ఫ్లైట్ దిగాక కాళ్ళు ఉబ్బుతాయి, తూకం ఎక్కువ చూపిస్తుంది, కంగారుపడి మాత్ర వెయ్యకు. "హెర్బల్ రా, ఏం కాదు" అని రాత్రి రూమ్‌కొచ్చే సీనియర్ ఉంటాడు, తలుపు వేసెయ్. మాత్ర వద్దంటే వద్దు, సగం ముక్క కూడా.

అమ్మా నాన్నలూ, ప్రయాణం ముందు పిల్లల బ్యాగు మీరే సర్దండి. తాతగారి స్ట్రిప్పులో మాత్రలు ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టుకోండి.