డిగ్రీలో ఖగోళశాస్త్రం తీసుకున్నారా? రాత్రి పరిశీలనలు ఇలా ప్లాన్ చేసుకోండి

ఈ కోర్సులో పాఠాలు కష్టం కాదు, మార్కులు పోయేది పరిశీలన రికార్డు దగ్గర. కెప్లర్ సూత్రాలు పరీక్ష ముందురోజు కూర్చుని చదివినా వస్తాయి. దాటిపోయిన నెలవంకను మాత్రం తిరిగి తెచ్చుకోలేం. నా చదువప్పుడు చంద్రుడి రికార్డు దసరా అయ్యాక మొదలుపెడదామని వదిలేశాను. దసరా అయ్యాక వాయుగుండం పట్టింది, పన్నెండు రోజులు చుక్క కనబడలేదు. ఆ టెన్షన్ మీకు వద్దు.

ముందు గోడ మీది తెలుగు క్యాలెండర్ తీయండి. అమావాస్య, పౌర్ణమి తేదీలకు గుర్తు పెట్టుకోండి. అమావాస్య తర్వాత మూడోరోజు సాయంత్రం పడమరన సన్నటి చంద్రుడు కనబడతాడు. అక్కడ మొదలుపెట్టి రోజూ ఒకే టైమ్‌కి, ఒకే చోట నిలబడి చూడండి. చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పౌర్ణమి దాటాక సాయంత్రం చూస్తే దొరకడు. చాలామంది రికార్డు ఆగిపోయేది ఇక్కడే. అప్పుడు పొద్దున చూడాలి. బహుళ చవితి, పంచమి రోజుల్లో ఆరున్నరకు కాలేజీ బస్సు కోసం నిలబడినప్పుడు పడమర వైపు తలెత్తితే చాలు.

అదే క్యాలెండర్‌లో ఆ రోజు నక్షత్రం కూడా ఉంటుంది. రోహిణి అని ఉంటే ఆ రాత్రి చంద్రుడి దగ్గర్లోనే ఎర్రగా మెరిసే రోహిణి చుక్కను వెతకండి. కృత్తిక అని ఉంటే పిల్లలకోడి గుంపు దగ్గర్లో ఉంటుంది, వెన్నెల ఎక్కువైతే బైనాక్యులర్ కావాలి. చుక్కలు గుర్తుపట్టడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలీదు.

తర్వాత చోటు. నల్లగొండ, పాలమూరు పట్నాల్లో వీధిలైట్ల మధ్య చంద్రుడికి, గ్రహాలకు మిద్దె సరిపోతుంది. మసక చుక్కలకు మాత్రం ఊరికెళ్ళినప్పుడు కల్లం దగ్గరో, చెరువు కట్ట మీదో చూడండి. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిచినా మళ్ళీ మొదటికే. టార్చికి ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టండి. ఒంటరిగా వెళ్ళొద్దు, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి, తేళ్ళు తిరిగే చోట్లు. ఆఖరి బస్సు టైమ్ ముందే కనుక్కోండి. హాస్టల్లో ఉంటే మిద్దె తాళం కోసం వార్డెన్‌కి తేదీలన్నీ ఒకేసారి రాసివ్వండి. రోజూ అడిగితే విసుక్కుంటారు.

కోణం కొలవడానికి ఏమీ కొనక్కర్లేదు. జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని, దాని తిన్నటి అంచుకు కూల్‌డ్రింక్ స్ట్రా అతికించండి. మధ్య రంధ్రంలోంచి దారం కట్టి చివర సైకిల్ నట్టు వేలాడదీయండి. స్ట్రాలోంచి చుక్కను మీరు చూస్తుంటే దారం ఏ అంకె మీద ఆగిందో మీ తోడు వచ్చినవారు చదవాలి. 90 లోంచి ఆ అంకె తీసేస్తే చుక్క ఎత్తు. ధ్రువ నక్షత్రానికి నల్లగొండలో దారం 73 దగ్గర ఆగాలి, అంటే ఎత్తు 17 డిగ్రీలు. అది మన ఊరి అక్షాంశమే! మొదటిసారి ఆ అంకె సరిగ్గా వచ్చినప్పుడు కలిగే సంతోషం వేరు. ఇంత కిందికి ఉంటుంది కాబట్టి ఉత్తరాన గుట్టగానీ, అపార్ట్‌మెంట్‌గానీ అడ్డం లేని చోటు ముందే చూసుకోవాలి. మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో సప్తర్షులను పట్టుకుని ధ్రువుణ్ణి చేరొచ్చు. నవంబరు, డిసెంబరుల్లో ఇంగ్లిష్ ఎమ్ ఆకారంలో ఉండే శర్మిష్ఠ (కాసియోపియా) చుక్కల గుంపు దారి చూపిస్తుంది.

కర్ర నీడతో మధ్యాహ్నం కనుక్కోమంటే సరిగ్గా 12 గంటలకు వెళ్ళి చూడకండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మనం దానికి పడమరన ఉన్నాం. సగటున నల్లగొండలో 13 నిమిషాలు, మహబూబ్‌నగర్‌లో 18 నిమిషాలు ఆలస్యంగా సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నెలనుబట్టి ఇదీ మారుతుంది. అందుకే 11:40 నుంచి 12:40 దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొసన గుర్తు పెట్టండి. సూర్యుడి వైపు బైనాక్యులర్ ఎత్తొద్దు, చూపు పోతుంది.

టెలిస్కోప్ కొనకండి. 10×50 బైనాక్యులర్ ఒకటి నలుగురు కలిసి తీసుకుంటే గురుగ్రహం చుట్టూ ఉపగ్రహాలు కూడా కనబడతాయి. ఏ చుక్క ఎక్కడుందో చూపించే స్టెల్లేరియం యాప్ ఫోన్‌లో వేసుకోండి.

ఒక ఆదివారం మాత్రం ముడుమాల్‌కి కేటాయించండి. ఒకప్పుడు పాలమూరు జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లా కృష్ణా మండలం. అక్కడి ప్రాచీన నిలువురాళ్ళ వరుసల్లో కొన్ని ఉత్తరాయణ, దక్షిణాయన రోజుల సూర్యోదయాలకు సరిపడేలా నిలిపినవని పరిశోధకులు చెబుతారు. ఒక బండ మీద సప్తర్షి మండలం ఆకారంలో చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి. రికార్డు పుస్తకం వెంట తీసుకెళ్ళి, ఆ గుంటలను ఉన్నవి ఉన్నట్టు గీసుకురండి. రాళ్ళ మీద సుద్దతో గీయకండి. రాత్రికి మిద్దెక్కి, సప్తర్షులు ఎప్పుడు పైకొస్తే అప్పుడు, ఆ బొమ్మ పక్కనే ఇంకో బొమ్మ గీయండి.